కరెంటుంది, బొమ్మ లేదు

టీవీ అయినా కంప్యూటరైనా మా పాలమూరు వైపు ఒకటే మాట, "బొమ్మ వస్తలేదు" అని. నా పుట్టిల్లు గద్వాల, మెట్టినిల్లు వనపర్తి, చెల్లెల్ని ఇచ్చింది నాగర్‌కర్నూలు. 2016 అక్టోబర్‌లో మూడూ మూడు జిల్లాలైపోయాయి గానీ, అంతకు ముందు అందరం మహబూబ్‌నగర్ జిల్లా వాళ్ళమే. ఈ మూడు ఊళ్ళలో, మా మూడు ఇళ్ళలోనూ ఆ మాట విన్నాను. దాని వెనకాలే వచ్చే రెండో మాట కూడా విన్నాను. "మదర్‌బోర్డు పోయినట్టుంది."

మొదటి మాటకీ రెండో మాటకీ మధ్య ఒక గంట పని ఉంటుంది. అది ఎవరూ చెయ్యరు. బటన్ నొక్కితే లైటు వెలుగుతోంది, లోపల ఫ్యాను తిరుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. ఇంత మాత్రం చూసి డబ్బాని బండి మీద పెట్టుకుని షాపుకి తీసుకెళ్ళిపోతారు. ఆ గంట పని ఇంట్లో ఆడవాళ్ళే చెయ్యాలని నా అభిప్రాయం. రిపేరు కుర్రాడు వస్తే టీ పెట్టిచ్చి పక్కన నిలబడటం గురించి చెప్పడం లేదు. స్క్రూడ్రైవరు తీసుకుని పక్క మూత విప్పి చూడటం గురించి చెబుతున్నాను.

మనకేదో తీరిక ఎక్కువని కాదు. తీరిక సంగతి నాకు తెలియదా! రోగం ఎప్పుడు మొదలైందో, దానికి ముందు రోజు ఇంట్లో ఏం జరిగిందో మనకే తెలుసు కాబట్టి. డాక్టరు దగ్గరికి వెళ్తే మొదట అడిగేది ఏమిటి? ఎప్పటి నుంచి, నిన్న ఏం తిన్నారు అనే కదా. కంప్యూటర్‌కీ అంతే. రాత్రి ఉరుములకి కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చిందో, ఇల్లు కడిగేటప్పుడు బల్ల ఎవరు జరిపారో, పిల్లాడు కాలితో ఏ వైరు తన్నాడో, వారం నుంచి తేదీ, టైము తప్పు చూపిస్తోందో లేదో, ఇవన్నీ ఇంట్లో ఉండే మనిషికి తెలుస్తాయి. షాపులో కూర్చున్న కుర్రాడు ఎంత తెలివైనవాడైనా ఇవి అతనికి ఎవరు చెప్పాలి? బండి మీద డబ్బా తీసుకెళ్ళిన మరిది చెప్పేది ఒకటే ముక్క, "బొమ్మ వస్తలేదు భయ్యా."

ముందు ఆ ఫ్యాను సంగతి చెప్పాలి, అందరూ మోసపోయేది అక్కడే. "ఫ్యాను తిరుగుతుంది కదా, కరెంటు బాగనే ఉంది" అంటారు. మన ఊళ్ళలో బోరు మోటార్లు చూసినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఇంట్లో బల్బు వెలుగుతూనే ఉంటుంది, చేనులో మోటారు మాత్రం లేవదు. బల్బు వెలుగుతోందని మోటారుకి కరెంటు ఉన్నట్టా? కంప్యూటర్ లోపల ఎస్‌ఎంపీఎస్ అనే ఇనుప డబ్బా ఉంటుంది, వెనక వైపు మనం ప్లగ్గు పెట్టేది దానికే. అది గోడ నుంచి వచ్చే కరెంటుని 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులుగా విడగొట్టి ఇస్తుంది. ఫ్యానుకి కావలసింది ఆ 12 మాత్రమే. ప్రాసెసర్‌కి కావలసింది సుమారు ఒక్క వోల్టు, దాన్ని మదర్‌బోర్డు తనే తయారు చేసుకుంటుంది. కాబట్టి ఫ్యాను తిరిగితే ఫ్యానుకి కరెంటు వచ్చిందని మాత్రమే అర్థం. ప్రాసెసర్ లేచిందో లేదో అది చెప్పదు.

లేచిన ప్రాసెసర్ మొదట తన చుట్టూ ఉన్నవాటిని హాజరు పిలుస్తుంది. ర్యామ్ ఉందా, బొమ్మ పంపే భాగం ఉందా అని. ఆ హాజరు పూర్తయ్యాకే తెర మీద కంపెనీ పేరు వస్తుంది. విండోస్ అనేది ఆ తర్వాత సంగతి. ఈ వరుస గుర్తుంటే సగం పని అయినట్టే.

అందుకే నేను ఎవరు ఫోన్ చేసినా మొదట ఒకటే అడుగుతాను. "ఆన్ చెయ్యంగనే కంపెనీ పేరు కనిపించిందా? కనిపించి పోయిందా, అసలు రాలేదా?" కనిపించి తర్వాత నల్లబడితే అది విండోస్ గొడవ కావచ్చు, డ్రైవర్ గొడవ కావచ్చు. అసలు మొదటి నుంచీ ఏమీ రాకపోతే విండోస్‌కి దానితో సంబంధం లేదు, ఎందుకంటే విండోస్ దాకా అది ఇంకా వెళ్ళనే లేదు. ఇది తెలిస్తే చాలు, "ఫార్మాట్ కొట్టాలె మేడం" అనే మాటకి జవాబు చెప్పవచ్చు. పొయ్యే వెలగని ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైందంటే నమ్ముతామా? హార్డ్ డిస్క్ పూర్తిగా తీసి పక్కన పెట్టినా బాగున్న కంప్యూటర్ తెర మీద కంపెనీ పేరు వస్తుంది, డిస్కు దొరకలేదని రాస్తుంది. ఏ బొమ్మా రాని దానికి ఫార్మాట్ కొడితే పోయేది మన ఫోటోలే.

గద్వాలలో మా అన్నావాళ్ళింట్లో ఒకసారి దసరా ముందు సున్నాలు వేయించారు. బల్ల తిరిగి గోడకి జరిపి వైర్లన్నీ పెట్టారు. బొమ్మ లేదు. అన్న, అన్న స్నేహితుడు ఇద్దరూ మదర్‌బోర్డు అనేశారు. వదిన వెనక్కి వంగి చూసింది. డబ్బా వెనక మానిటర్ వైరు పెట్టడానికి రెండు చోట్ల రంధ్రాలున్నాయి. పైన యూఎస్‌బీ రంధ్రాల పక్కన ఒకటి, అది మదర్‌బోర్డుది. కింద అడ్డంగా ఉన్న రేకు మీద ఇంకొకటి, అది విడిగా పెట్టించిన గ్రాఫిక్స్ కార్డుది. కార్డు ఉన్నప్పుడు వైరు కార్డుకే పెట్టాలి, చాలా కంప్యూటర్లలో పైది పని చెయ్యదు. వాళ్ళు పైదాంట్లో పెట్టారు. వదిన కింద పెట్టింది, బొమ్మ వచ్చింది. నన్నడిగితే ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. మా వదిన వాళ్ళది మగ్గం ఇల్లు. నూలు చీరకి పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే పని చూస్తూ పెరిగిన మనిషి. వేల పడుగు పోగుల్లో ఒక్క పోగు తెగితే దూరం నుంచి కనిపెడుతుంది. అలాంటి మనిషిని ఒక వైరు దగ్గర "నీకు తెల్వదు తియ్యి" అన్నారు. ఆమె నవ్వేసింది. నాకైతే నవ్వు రాలేదు.

ఇక మా వనపర్తి ఇంట్లో. మాకు వానాకాలం మొదలయ్యే ముందు దాకా దుమ్ము, తర్వాత తేమ. ఏడాదికి ఒకసారైనా బొమ్మ పోతుంది. ఇప్పుడు నాకు వరుస అలవాటైపోయింది. చెబుతాను, పక్కన పిల్లని కూర్చోబెట్టుకుని మరీ చెయ్యండి.

మొదట మానిటర్. దాని బటన్ దగ్గర లైటు వెలుగుతోందా? డబ్బా వైపు ఉన్న వైరు పీకేస్తే తెర మీద "నో సిగ్నల్" అనో, వైరు చూసుకోండి అనో రావాలి. అలా వస్తే మానిటర్ ప్రాణంతో ఉన్నట్టే, దాన్ని వదిలెయ్యండి. అదీ రాకపోతే రోగం మానిటర్‌దో, దాని అడాప్టర్‌దో. మానిటర్‌కి రెండు మూడు రకాల వైర్లు పట్టేట్టు ఉంటే, మెనూలో వీజీఏ ఎంచుకుని ఉండి మనం హెచ్‌డీఎంఐ పెట్టినా బొమ్మ రాదు. హాల్లో టీవీకి హెచ్‌డీఎంఐ ఉంటే డబ్బాని తీసుకెళ్ళి టీవీకి తగిలించి చూడవచ్చు. ఇంట్లో రెండో తెర ఉంచుకుని షాపుకి పరుగెత్తడం దేనికి?

తర్వాత కీబోర్డు. రెండు నిమిషాలు ఆగి క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి, మళ్ళీ నొక్కితే ఆరుతుంటే, లోపల కంప్యూటర్ బాగానే లేచి కూర్చుంది, మనకి బొమ్మ మాత్రమే అందడం లేదు. అప్పుడు వైరు, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్, వీటి చుట్టూనే వెతకాలి. నొక్కినా లైటు కదలకపోతే అది లేవనే లేదని అనుకోవచ్చు, ఇక మూత విప్పాలి. కొన్ని కీబోర్డులకి ఆ లైటే ఉండదు, అలాంటప్పుడు విండోస్ మొదలయ్యేటప్పటి చప్పుడు వస్తోందేమో స్పీకర్ పెట్టి వినండి.

మూత విప్పే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్గు పీకేసి, డబ్బా బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. చేతులు పొడిగా ఉండాలి. బోర్డు ముట్టుకునే ముందు డబ్బా ఇనుముని ఒకసారి ముట్టుకోవాలి, ఒంట్లో ఉండే స్థిర విద్యుత్తు చిప్పులకి మంచిది కాదు. నైలాన్ చీర వద్దు, నూలు చీరో నూలు నైటీయో మేలు. ఇది ఏ పుస్తకంలో రాస్తారో నాకు తెలియదు గానీ చలికాలం నైలాన్ చీర విప్పేటప్పుడు వచ్చే చిటపటలు మనందరికీ తెలిసినవే.

ర్యామ్ అంటే బెత్తెడు పొడవుండే పచ్చటి పట్టీ, చాలావాటికి రెండు కొసలా గుబ్బలుంటాయి. గుబ్బలు వెనక్కి నొక్కితే పట్టీ పైకి లేస్తుంది. కింది అంచున బంగారు రంగు గీతలుంటాయి. వాటి మీద దుమ్ము, తేమ కలిసి పొరలా పట్టుకుంటే బోర్డుకి ర్యామ్ అందదు, హాజరు దగ్గరే ఆగిపోతుంది. పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టు పొడి గుడ్డతో దులిపెయ్యాలి. నోటితో ఊదవద్దు, ఊపిరిలో తడి ఉంటుంది. పట్టీ మధ్యలో గాడి ఉంటుంది, ఆ గాడి కుదిరే వైపే దిగుతుంది. బలవంతం చెయ్యకండి, అటు తిప్పి చూడండి. రెండు కొసలా టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. రెండు పట్టీలుంటే ఒక్కొక్కటే పెట్టి, ఒక్కో గాడిలో ఆన్ చేసి చూడాలి, మార్చే ప్రతిసారీ ప్లగ్గు పీకాలి. మా ఇంట్లో ఇప్పటిదాకా బొమ్మ వచ్చిందంటే ఎక్కువసార్లు ఇక్కడే వచ్చింది.

రాలేదా, ఇంకో మూడు చోట్లు చూడండి. ప్రాసెసర్ పక్కన నాలుగు పిన్నులదో ఎనిమిది పిన్నులదో చిన్న ప్లగ్గు ఉంటుంది. అది వదులైతే సరిగ్గా ఇదే వరస, ఫ్యాన్లు తిరుగుతాయి, బొమ్మ రాదు. రూపాయి బిళ్ళలాంటి సెల్ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అని రాసి ఉంటుంది, 3 వోల్టులు. తేదీ తప్పుతోందంటే అది అయిపోయింది. ఎలాగూ ప్లగ్గు పీకే ఉంది కదా, దాన్ని తీసి ఐదు నిమిషాలు ఆగి పెడితే బోర్డు తన పాత సెట్టింగులు మరిచిపోయి కొత్తగా మొదలవుతుంది. మన ఫైళ్ళు పోవు, అవి డిస్కులో ఉంటాయి. మూడోది, బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్లు. వాటి నెత్తి చదునుగా ఉండాలి. పూరీలా ఉబ్బితే, జిగురు కారితే, ఆ బోర్డు సంగతి షాపులో తేల్చుకోవాల్సిందే. 2000 తర్వాత కొన్నేళ్ళ పాటు వచ్చిన బోర్డుల్లో ఈ జబ్బు ప్రపంచమంతా ఉండేది, నాసిరకం కెపాసిటర్ల వల్ల.

గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంటే అది పీకేసి వైరు మదర్‌బోర్డుకి పెట్టి చూడవచ్చు. ఇంటెల్ ప్రాసెసర్ అంకె చివర ఎఫ్ అని ఉంటే మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, వాటికి సొంతంగా బొమ్మ పంపే శక్తి ఉండదు.

బోర్డుకి చిన్న స్పీకర్ ఉంటే అది కూతలు వేస్తుంది. ఆగకుండా పొడుగ్గా కూస్తుంటే ఎక్కువగా ర్యామ్ అనే లెక్క. కంపెనీని బట్టి కూతల అర్థం మారుతుంది కాబట్టి మీ బోర్డు పుస్తకంలో చూసుకోవాలి. ఈ మధ్య డబ్బాల్లో ఆ స్పీకరే పెట్టడం లేదు. ప్రెషర్ కుక్కర్‌కి విజిల్ తీసేసి అమ్మినట్టుంది నాకు. కొత్త బోర్డులు కొన్నింటి మీద మాత్రం సీపీయూ, డీర్యామ్, వీజీఏ అని రాసిన చిన్న లైట్లుంటాయి, ఏది ఆరకుండా వెలుగుతుంటే రోగం అక్కడ.

ఇప్పుడు మా చెల్లెలి సంగతి. ఇదంతా రాయాలనిపించింది దాని వల్లే. అది ఇంట్లోనే తెలుగు టైపింగ్ చేస్తుంది. అర్జీలు, ప్రైవేటు బడుల ప్రశ్నపత్రాలు, పెళ్ళి పత్రికలు. పెద్ద సంపాదన అనను, కానీ పిల్లల ఫీజుల్లో సగం దాని వేళ్ళ మీదే నడుస్తుంది. మాఘమాసం, నాలుగు పెళ్ళి పత్రికలు చేతిలో ఉన్నాయి, పొద్దున్నే బొమ్మ పోయింది. దాని మరిది డబ్బాని బండి మీద పెట్టుకుని ఊళ్ళో ఒక షాపుకి తీసుకెళ్ళాడు. సాయంత్రం తీర్పు వచ్చింది. మదర్‌బోర్డు పోయింది, హార్డ్ డిస్క్ కూడా డౌటే, కొత్త సెట్టు తీసుకోండి.

అప్పుడు వాళ్ళత్తగారు అన్నారట, "పోతే పోనీ తియ్యమ్మా, రోజూ కండ్లు మంటలు అంటనే ఉంటివి." ఆమె మంచి మనిషి, కోడలి మీద ప్రేమతోనే అన్నారు. కానీ చెల్లెలు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "అక్కా, డబ్బా పోతే నా పని కూడా పోయినట్టే మాట్లాడుతున్నరు." భయం అక్కడుంది. మగవాళ్ళ ట్రాక్టరు చెడితే బాగు చేయిస్తారు, సాగు మానెయ్యమని ఎవరూ అనరు. ఆడదాని కంప్యూటర్ చెడితే మాత్రం, ఇక చాల్లే అంటారు. యంత్రం రోగం చూసి ఆమె పనికి తీర్పు చెప్పేస్తారు. ఇల్లాలు తన యంత్రం రోగాన్ని తనే తేల్చుకోగలగాలి అని నేను పట్టు పట్టేది ఇందుకే.

డబ్బా ఇంటికి తెప్పించమన్నాను. వీడియో కాల్‌లో నేనిక్కడ, అదక్కడ, మధ్యలో దాని కొడుకు టార్చ్ పట్టుకుని. మానిటర్ బాగుంది. క్యాప్స్ లాక్ కదలలేదు. ర్యామ్ పట్టీలు రెండూ రుద్దాం, ఒక్కోటీ ఒక్కో గాడిలో పెట్టాం, లేదు. చిన్న ప్లగ్గు గట్టిగానే ఉంది. సెల్ తీసి పెట్టాం, లేదు. పక్కింటి అబ్బాయి వనపర్తి పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు, అదే, రాజావారి ప్యాలెస్‌లో నడిచే కాలేజీ. సెలవుకి ఇంటికొచ్చి ఉన్నాడు. అతని దగ్గరున్న ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూశారు, లేదు. ర్యామ్ రెండూ తీసేసి, అతని చిన్న స్పీకర్ తగిలించి ఆన్ చేశారు. ప్రాణం ఉన్న బోర్డు అయితే ర్యామ్ లేదని కుయ్యోమనాలి. నిశ్శబ్దం. ముందు రాత్రి కరెంటు మూడుసార్లు పోయి వచ్చిందని చెల్లెలికి గుర్తుంది.

కాబట్టి షాపువాళ్ళు చెప్పింది సగం నిజమే. పోయింది బోర్డో, దాని మీది ప్రాసెసరో. మరి ఈ శ్రమంతా దేనికని మా ఆయన కూడా అడిగారు. "హార్డ్ డిస్క్ కూడా డౌటే" అన్నది రెండో సగం. దాన్ని ఎవరూ పరీక్ష చెయ్యలేదు. నాలుగు స్క్రూలు, రెండు వైర్లు తీస్తే డిస్కు చేతికొస్తుంది. ఆ అబ్బాయి కంప్యూటర్‌కి తగిలిస్తే ఆరేళ్ళ పని చెక్కుచెదరకుండా ఉంది. ఫాంట్లు, పత్రికల నమూనాలు, ఊళ్ళో ఇంటిపేర్లతో సహా. ఆ నాలుగు పెళ్ళి పత్రికలు మర్నాడు ఆ అబ్బాయి ఇంట్లో కూర్చునే పూర్తి చేసి ఇచ్చేసింది. తర్వాత పాత డబ్బా, పాత ఎస్‌ఎంపీఎస్, పాత ర్యామ్, పాత డిస్కు ఉంచుకుని బోర్డు, ప్రాసెసర్ మాత్రం సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకుంది. ర్యామ్ డీడీఆర్ 3 కాబట్టి అదే తరం బోర్డు చూసుకుంది, డీడీఆర్ 4 బోర్డులో ఆ గాడి కుదరదు. షాపువాళ్ళు చెప్పినదాంట్లో మూడో వంతు కూడా కాలేదు. ఇప్పుడు బోర్డుకి వచ్చే కరెంటు యూపీఎస్ మీదుగా వస్తోంది.

ఆడవాళ్ళకి ఇవి కుదరవని ఎవరైనా అంటే నేను చెప్పే కథ ఒకటుంది, నిజం కథ. 1946లో అమెరికాలో ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అనే కంప్యూటర్‌ని లోకానికి చూపించారు. గదంత యంత్రం, లోపల 17 వేలకు పైగా వాక్యూమ్ ట్యూబులు, మన పాత రేడియోల్లో ఉండే వాల్వుల్లాంటివి. దాన్ని నడిపించే పని ఆరుగురు ఆడవాళ్ళకి అప్పగించారు. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. యుద్ధకాలపు రహస్యమని మొదట్లో వాళ్ళని యంత్రం ఉన్న గదిలోకి కూడా రానివ్వలేదు, కాగితం మీద వైర్ల పటాలు ఇచ్చి నేర్చుకోమన్నారు. అలా నేర్చుకునే, చివరికి తేడా వస్తే ఏ ట్యూబు పోయిందో వాళ్ళే కనిపెట్టేవారు. 17 వేలలో ఒకటి! మన ముందున్నవి రెండు ర్యామ్ పట్టీలు.

పురుగుల కథ కూడా ఇంకొకటి. 1947లో హార్వర్డ్‌లో ఒక కంప్యూటర్ తప్పుతుంటే లోపల రిలేలో చిమ్మట దొరికింది, దాన్ని లాగ్‌బుక్‌లో అతికించి మరీ రాసి పెట్టుకున్నారు. మన ఇళ్ళలో చిమ్మటలకంటే బల్లులెక్కువ. వెచ్చగా ఉంటుందని డబ్బాలో దూరతాయి. డబ్బా వెనక ఖాళీ రేకుల చోట్లు మూసి పెట్టండి. బల్లి మీద పడితే ఫలితం చెప్పే శాస్త్రం మనకుంది గానీ మదర్‌బోర్డు మీద పడితే ఏమిటో అందులో లేదు.

ఒక్క చోట మాత్రం చెయ్యి పెట్టవద్దు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా స్క్రూలు విప్పకండి. ప్లగ్గు పీకినా దాని లోపల కరెంటు నిలిచి ఉంటుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. కాలిన వాసన వస్తే మళ్ళీ ఆన్ చెయ్యకుండా పీకేసి ఊరుకోండి. ప్రాసెసర్ మీది ఫ్యాను కూడా ఊరికే పీకకూడదు, పీకితే మధ్యలో పేస్టు కొత్తగా రాయాలి.

రిపేరు చేసేవాళ్ళందరూ మోసగాళ్ళని నేను అనడం లేదు. మా మూడు ఊళ్ళలోనూ మంచి పనివాళ్ళున్నారు, ఎండలో దుమ్ములో కూర్చుని పది డబ్బాలు చూసే కుర్రాళ్ళు. వాళ్ళకీ మనం చెప్పకపోతే తెలియదు. నేను షాపుకెళ్తే ఒక కాగితం తీసుకెళ్తాను. ఏం చూశాను, ఏం మార్చాను, ఏం జరిగింది అని ఐదు లైన్లు. మొదటిసారి వెళ్ళినప్పుడు కౌంటర్ దగ్గరతను కాగితం చూడకుండానే "సార్‌ని పంపండి మేడం, ఆయనకి చెప్తం" అన్నాడు. సార్‌కి ఆ డబ్బాలో ర్యామ్ ఎక్కడుందో కూడా తెలియదని చెప్పాను. కాగితం చదివాక అతని మాట మారింది, నన్ను లోపలికి పిలిచి బల్ల దగ్గరే చూపించాడు.

పోయిందని ఎవరు చెప్పినా, ఎలా తేల్చారో అడగండి. వేరే ర్యామ్ పెట్టి చూశారా, వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూశారా? ఆ పరీక్ష మీ ముందే చెయ్యమనండి, చేసేవాళ్ళకి అది పది నిమిషాల పని. ఏదైనా మార్చితే పాతది చేతికి తీసుకోండి. అన్నిటికంటే ముందు, డబ్బా గడప దాటే ముందే డిస్కు తీసి ఇంట్లో పెట్టుకోండి. బొమ్మ వస్తోందా లేదా చూడటానికి వాళ్ళకి మన డిస్కుతో పని లేదు. మన ఆధార్ కాపీలు, పిల్లల ఫోటోలు, పాస్‌వర్డులు అందులో ఉన్నాయి.

మా చెల్లెలు ఆ పాత డీడీఆర్ 3 పట్టీల్లో ఒకటి విడిగా కాగితంలో చుట్టి బీరువాలో దాచింది, పనిచేసేది అని పైన రాసి. పక్కనే ఆ పిల్లాడు ఇచ్చిన చిన్న స్పీకర్, ఒక పెన్సిల్ రబ్బరు. వాళ్ళ వీధిలో ఎవరింట్లో బొమ్మ రాకపోయినా ఇప్పుడు ముందు దీన్నే పిలుస్తున్నారు. పోయిన నెల వాళ్ళత్తగారే ఒకామెని వెంటబెట్టుకొచ్చారట, "మా కోడలు చూస్తది, జర కూసో" అని.